వెన్న తేలని పూట

కొత్త కోడలు వుంపిని అడుగులు ఎడంగా వేస్తోందంటే ఊరి ఆడవాళ్ళకు నవ్వే నవ్వు. పెళ్ళయి నెల తిరగలేదు మరి. "మీ ఆయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీవే" అని తోటికోడలు రహినా అంటే అందరూ పడీ పడీ నవ్వారు. వుంపిని కూడా నవ్వింది. ఏం చేస్తుంది పాపం, అసలు సంగతి చెబితే ఇంకా నవ్వుతారాయె!

సంగతేమిటంటే ఆమె తొడలు లావు. గింజల్లోంచి వెన్న తీసే షియా పళ్ళు రాలే కాలం కదా, పొద్దు పొడవకముందే బయల్దేరి నెత్తిన గంపతో కోసుల కొద్దీ నడక. చెమటకు తొడలు ఒరుసుకుని పచ్చిపుండ్లయ్యాయి. రేపు గింజలు ఏరడానికి వెళ్ళగలనా అన్నదే దిగులు. వెళ్ళకపోతే సోమరి కోడలన్న పేరు ఖాయం.

ఆవేళ ఆ యేటి మొదటి షియా వెన్న తీస్తున్నారు. వేయించి రుబ్బిన గింజల ముద్దను బానలో వేసి, నలుగురూ మోచేతులదాకా ముంచి చిలుకుతున్నారు. నల్లటి ముద్ద తెల్లబడాలి. పొద్దు నడినెత్తికొచ్చినా తెల్లబడలేదు. నలుగురి కష్టం నేలపాలయ్యేలా ఉంది.

అత్త సనాతు చేయి ఆపింది. నోరు తెరిస్తే నిప్పులే ఆవిడకి. "మీలో ఎవరో కడుపులో ఏదో దాచుకున్నారు. దాచుకుని చేయి పెడితే వెన్న రాదని తెలీదూ? కక్కండి."

రహినా మొగుడితో పడ్డ పోట్లాట చెప్పేసింది. మళ్ళీ చిలికినా ముద్ద తెల్లబడలేదు. అందరి కళ్ళూ వుంపిని మీదికి తిరిగాయి.

"తొడలు ఒరుసుకుపోయాయత్తా" అంది తల దించుకుని. "నడవలేకపోతున్నా."

ఎవరూ నవ్వలేదు. సనాతు చేతులు తుడుచుకుని, తన కట్టుగుడ్డ పైకి జరిపింది. తొడల లోపల చర్మం నల్లగా, మొద్దుబారి ఉంది.

"నలభై ఏళ్ళ నడక. వెన్నంతా సంతకే. మన ఒంటికి రాసుకోడానికి వేలెడు తీయాలన్నా భయపడి చచ్చేవాళ్ళం."

"నాకూ ఒరుసుకుపోయాయి" అంది రహినా మెల్లగా.

సనాతు బానలో ఇన్ని చన్నీళ్ళు పోసింది, చేతులు మళ్ళీ లోపలికి దిగాయి. కాసేపటికి రహినా వేళ్ళ దగ్గర ఓ తెల్లటి పాయ కదిలింది. చూస్తుండగానే బానంతా తెల్లని నురగ. చన్నీళ్ళు పోసినందుకో, మాట బయటపడినందుకో ఎవరికి తెలుసు!

కాచి, వడగట్టి, చల్లార్చేసరికి సాయంత్రమైంది. సనాతు మొదటి ముద్ద తీసింది.

"అది సంతకు కదత్తా?"

"సంతెక్కడికీ పోదులే. ఉత్తి నీళ్ళతో కడుక్కో, సబ్బు పెట్టకు. బాగా ఆరనీ. రేపట్నుంచి నడకకి ముందే రాసుకోవాలి, మండాక కాదు."

కడుక్కుని వచ్చాక గుడిసెలో అత్తే గొంతుక్కూర్చుని రాసింది. ఊరంతా హడలిపోయే మనిషి చేయి అంత మెత్తగా తగులుతుందని వుంపిని కలలో కూడా అనుకోలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"మంటగా ఉందా?"

"లేదత్తా."

సనాతు అరచేతిలో ఇంకా కాస్త వెన్న మిగిలింది. వుంపిని ఆ చేయి పట్టుకుని, మిగిలినదంతా తీసి అత్త తొడలకు రాసింది. సనాతు తనే కట్టుగుడ్డ ఇంకాస్త పైకి జరిపింది.