పలచని నరం

మా స్కాను గదిలోకి ఆ ఇంజెక్టరు వచ్చి ఏడాదైంది. ఒక స్టాండు, దానికి రెండు సిరంజిలు, ఒకదాంట్లో బొమ్మ స్పష్టంగా పడడానికి ఇచ్చే రంగు మందు, రెండోదాంట్లో సెలైన్. అద్దం ఇవతల కూర్చుని మీట నొక్కితే చాలు, సెకను తేడా రాకుండా ఎక్కించేస్తుంది. ఇరవై రెండేళ్లు చేత్తో ఇచ్చిన నర్సుని నేను. దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

చేత్తో ఇచ్చేటప్పుడు సూదికి కాస్త పైన బొటనవేలు ఆనించి ఉంచాలి, మందు నరం దాటి పొంగుతోందేమో తెలియడానికి. "చల్లగా పాకుతుంది, కంగారుపడకండి" అని చెప్పాలి. మా ఆయన పోయాక రోజు మొత్తంలో నేను ముట్టుకునే మనుషులు వాళ్లే. ఇంటికెళితే టీవీతో పోట్లాట.

నరం పలచనైతే మిషన్ వేగానికి చిట్లిపోతుంది, అలాంటివాళ్లకి చేత్తోనే ఇవ్వాలి. అందుకని ఓ తప్పుడు పని మొదలుపెట్టాను. వారానికి ఒకరిద్దరి ఫారం మీద "నరం పలచన" అని రాసేదాన్ని.

కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన అలాగే దొరికాడు. వెంట ఎవరూ లేరు. కాలేయంలో మచ్చ, మంచిదో చెడ్డదో తేలాలి. నరాలు తాళ్లలా ఉన్నాయి, అయినా రాశాను. మందు ఎక్కిస్తుంటే స్కాను మిషన్ లోపల్నుంచి "అమ్మా, ఉన్నావా?" అన్నాడు. "ఉన్నానండీ" అంటూ చెయ్యి నెమ్మదించాను.

మర్నాడు పెద్ద డాక్టరు పిలిచాడు. "మందు ఆలస్యంగా చేరింది సిస్టర్. మచ్చ సంగతి తేలలేదు. మళ్లీ తియ్యాలి."

తలకొట్టేసినట్టయింది. మళ్లీ ఖాళీ పది రోజులకి గానీ దొరకలేదు. ఆ పది రోజులూ మచ్చని ఒంట్లో పెట్టుకుని ఆ మనిషి ఒక్కడే ఎలా నిద్రపోయాడో.

చిక్కిపోయి వచ్చాడు. ఇంజెక్టరు గొట్టం తగిలిస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మీ నరం బాగానే ఉందండీ. చేత్తో ఇవ్వాలని అబద్ధం రాశాను."

"తెలుసులేమ్మా" అన్నాడు. "రక్తం తీసే ప్రతివాడూ నా నరం చూసి మురిసిపోతాడు. చెయ్యి పట్టుకుంటావు కదాని ఊరుకున్నాను."

గొట్టం బిగించి, అలవాటుగా సూదికి పైన బొటనవేలు ఆనించాను.

"కుట్టు సరిగ్గా పడాలంటే మిషనే మేలు. వెళ్లు, వెళ్లి నొక్కు."

తలుపేసి వచ్చి నొక్కాను. మైకులో "అమ్మా, ఉన్నావా?" అని వినిపించింది. "ఉన్నానండీ" అన్నాను. నా బొటనవేలు బల్ల చెక్క మీద ఆనించి ఉంది.

బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. ఒంటిమీద పుట్టుమచ్చ ఎంతో అదీ అంతేనట, భయం లేదు. ఆ మాట డాక్టరునడిగి నేనే ఫోను చేసి చెప్పాను.

"అమ్మయ్య" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరమూ ఫోను పెట్టలేదు. అటువైపు ఏదో కుట్టుమిషన్ కాసేపు తిరిగి ఆగింది.

"అయితే ఇక నేను రానక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండీ" అన్నాను.