ఎర్రమైనం వేసిన జాడీ

“రేపు తాజుద్దీన్ భాయ్ వస్తాడు. జాడీ తెరుస్తాం” అని రూఫస్ అన్నప్పుడు ఆనందకుమారి చారు వడ్డిస్తోంది. చారు కంచంలో పడాల్సింది ఆయన మోకాలి మీద పడింది.

“అబ్బా! ఏందిది కుమారీ?”

“రేపేనా?”

“ఇరవై అయిదేండ్లు నిండినాయి గదా. మర్చిపోయినావా?”

మర్చిపోవడమా! తొమ్మిదేళ్ళుగా ఆ జాడీ ఆమెను మర్చిపోనిస్తేగా.

రూఫస్ ఓడల్లో ఇంజను గదిలో పనిచేశాడు. పైపు తాగడం అక్కడే అబ్బింది. కోవూరులో వడ్రంగి పనిచేసే తాజుద్దీన్ ఆయనకు పైపు చెక్కిచ్చి, తనకూ ఒకటి చెక్కుకున్నాడు. స్నేహం అక్కడ మొదలైంది. రెండువేల సంవత్సరంలో రూఫస్ సెలవు మీద ఇందుకూరుపేట వచ్చినప్పుడు, తాజుద్దీన్ కందుకూరు వైపు పోయి ఆకు ఆకూ ఏరి పొగాకు తెచ్చాడు. ఇద్దరూ కూర్చుని ఈనెలు తీసి, బెల్లం నీళ్ళు చిలకరించి, చెక్కల మధ్య ఉంచి పైన బరువు పెట్టి, చివరికి పింగాణీ జాడీలో కూరి మూతకు తేనెమైనం పట్టించారు. ఇరవై అయిదేళ్ళు మాగాలి. ఒకరు లేకుండా ఇంకొకరు ముట్టకూడదు. పెళ్ళినాడు కూడా రూఫస్ అంత గట్టిగా ప్రమాణం చేయలేదని ఆనందకుమారి అప్పట్లో ఎగతాళి చేసేది. జాడీకి గోనెగుడ్డ చుట్టి ఆమె బీరువా అడుగు అరలోనే పెట్టారు.

పదహారేళ్ళు అది అక్కడే ఉంది. ఆ ఏడు ఎండలకు మైనం పగిలింది. వెనకే వానలు. సముద్రపు గాలికి ఇంట్లో ఉప్పు కూడా నీరుకారుతోంది. ఒకనాడు రూఫస్ చర్చి పనిమీద నెల్లూరు వెళ్ళినప్పుడు, పాడైపోతుందేమోనని ఆనందకుమారి మూత తీసి చూసింది. లోపల పొగాకు నల్లగా, దాని మీద తెల్లగా పొడి.

ఆనందకుమారి ఆవకాయ మూడేళ్ళు నిలవ ఉంటుందని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటి చేతికి జాడీలో తెల్లది కనిపిస్తే ఒకటే అర్థం, బూజు. పోయింది అనుకుంది. పారేయడానికి మనసొప్పలేదు. పెరట్లో వంకాయ మొక్కలకు పేనుబంక పట్టి ఉంది. పొగాకంతా పాత డేగిసాలో వేసి ఉడకబెట్టి, వడకట్టి, ఇంత సబ్బు కలిపి మొక్కలకు కొట్టింది. సాయంత్రం ఆయన రాగానే చెప్దామనుకుంది. ఆయన అలసిపోయి వచ్చాడు. రేపు చెప్దాంలే అనుకుంది.

ఆ ఆదివారమే తాజుద్దీన్ వచ్చి, టీ తాగుతూ అన్నాడు. “మాగిన పొగాకు మీద తెల్లగా పొడి పూస్తాది రూఫసూ. దాంట్లో ఉండే తీపి పైకొచ్చి అట్టా గడతాది. చూసినోళ్ళు బూజనుకుంటారు. అదొచ్చిందంటే బంగారమే.”

ఆనందకుమారి వంటింట్లోకి పోయి పీట మీద కూలబడింది. ఆ రోజు నుంచి ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మర్నాడే కొబ్బరి పొట్టు, టీ పొడి కలిపి జాడీ నింపింది. తేనెమైనం దొరక్క, క్రిస్మస్‌కి మిగిలిన ఎర్ర కొవ్వొత్తి కరిగించి మూతకు పోసింది. గోనెగుడ్డ మళ్ళీ చుట్టేసింది. స్త్రీల సమాజంలో నిలబడి, అబద్ధమాడకూడదమ్మా అని చెప్పేటప్పుడల్లా ఆమె కళ్ళ ముందు ఆ గోనెగుడ్డే.

తెల్లారి చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి ఆయన పైపు తుడుచుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. రెండోసారి పాలవాడు వచ్చాడు. మూడోసారి తాజుద్దీనే వచ్చేశాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కూడా పూసుకుని.

జాడీ బల్ల మీదికి వచ్చింది. గోనెగుడ్డ విప్పగానే తాజుద్దీన్ కళ్ళు చికిలించాడు. “మనం పెట్టింది తేనెమైనం గదా? ఇదేంది ఎర్రగా ఉండాది?”

ఆనందకుమారి తలుపు రెక్క పట్టుకుంది.

“పాతబడితే రంగు మారదా భాయ్” అంటూ రూఫస్ చాకు పెట్టి మైనం లేపాడు. మూత ఊడింది. ఆమె కళ్ళు మూసుకుంది.

వాసన కొట్టింది. టీ పొడి వాసన కాదు. మాగిన పండూ పాత బెల్లమూ కలిసిన వాసన.

కళ్ళు తెరిచి చూస్తే జాడీ నిండా పొగాకు. నల్లగా, మెత్తగా, పైన అక్కడక్కడా తెల్లపొడి. ఆనందకుమారి సండే స్కూల్లో పిల్లలకు చెప్పే అద్భుతం ఏదో తన బీరువాలోనే జరిగిందేమోనని నిజంగా అనుకుంది.

తాజుద్దీన్ చిటికెడు తీసి నలిపాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. మొహంలో వెలుగు తగ్గిపోయింది.

“ఇది నా ఆకు గాదు” అన్నాడు. “పదేండ్లు గూడా నిండలేదు దీనికి.”

రూఫస్ మూత వంక చూశాడు. “నేనే తాగేసినా భాయ్. ఓపిక పట్టలేకపోయినా. మళ్ళీ వేరే ఆకు తెచ్చి పెట్టినా.”

ఆయనెందుకు అలా అంటున్నాడో ఆనందకుమారికి అంతుబట్టలేదు.

“ఒక్కడివే తాగినావా?” తాజుద్దీన్ గొంతు చిన్నదైపోయింది. “ఎన్నిసార్లు వచ్చుంటా ఈ ఇంటికి? ఒక్కసారన్నా చూపించమని అడిగినానా? నీ మాట మీద ఉండినా.”

ఆయన లేచాడు. గడప దగ్గర ఒక కాలికి చెప్పు తొడిగాడు. రూఫస్ ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. నలభై ఏళ్ళ స్నేహం తన కళ్ళ ముందే గడప దాటిపోతోందని ఆనందకుమారికి అర్థమైంది.

“ఆయన తాగలేదన్నా!” ఆ అరుపుకి ఆమే ఉలిక్కిపడింది. “నేనే వంకాయ చెట్లకి కొట్టినా.”

తాజుద్దీన్ ఒంటి చెప్పుతో నిలబడిపోయాడు.

“దేనికి?”

“పేనుబంకకి. తెల్లగా ఉంటే బూజనుకున్నా. ఉడకబెట్టి కొట్టేసినా. మీరు బంగారమని చెప్పినాక చెప్పడానికి నోరు రాలా.” ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన పెరటి వైపు చూశాడు. “పోయిందా?” అన్నాడు చివరికి.

“ఏంది?”

“పేనుబంక.”

“పోయింది.”

“ఆ ఏడు మా ఇంటికి సంచి నిండా వంకాయలు పంపినావు.”

“అవేనన్నా.”

తాజుద్దీన్ చెప్పు విడిచి లోపలికొచ్చి కుర్చీలో పడ్డాడు. ఇరవై అయిదేళ్ళు మాగాల్సిన పొగాకు తొమ్మిదేళ్ళ కిందటే కూరలో తినేశానని గ్రహించినవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. చెయ్యి మాత్రం జాడీలోకి పోయి పైపు నింపడం మొదలుపెట్టింది.

ఆనందకుమారి మొగుడి వైపు తిరిగింది.

“మీకెప్పుడు తెలిసింది?”

“నువ్వు ఉడకబెట్టిన రోజే. గేటు తీస్తానే వాసనొచ్చింది. ఆ వాసన నాకు తెలవదా?”

“తెలిసే ఆ వంకాయ కూర తిన్నారా?”

“రెండుసార్లు వడ్డించుకున్నా.”

“మరి తొమ్మిదేండ్లు ఒక్క మాట అడగలేదే!”

రూఫస్ మూత మీద మిగిలిన ఎర్రమైనం గోటితో గీకుతున్నాడు. దాన్ని తీసి తను కొత్త ఆకు పెట్టినప్పుడు, ఆమె వాడిన రంగు కొవ్వొత్తే వెతికి తెచ్చి మళ్ళీ పోశాడన్నమాట.

“నువ్వే చెప్తావనుకున్నా” అన్నాడు. “ప్రతి డిసెంబర్లో బీరువా తుడుస్తావు గదా. జాడీ కింద పెట్టి తుడిచేటప్పుడల్లా ఈసారి చెప్తాదిలే అని ఇక్కడే కుర్చీలో కూర్చునేవాణ్ణి.”

ఆనందకుమారికి ఆ కుర్చీ గుర్తొచ్చింది. బీరువా తుడిచే రోజు ఆయన ఎటూ పోకుండా కాళ్ళకి అడ్డంగా అక్కడే కూర్చుంటాడని తొమ్మిదేళ్ళూ విసుక్కుంది. లేచి అవతలికి పొమ్మని కసిరింది కూడా.