ఆర్డరు లేని వడ్డన

ఆన్సెల్మ్ మోకాలి లోతు బురదలోంచి ఒక్కో కాలూ పీక్కుంటూ కందకం వెంట వస్తున్నాడు. రెండు చేతుల్లో వేడి పులుసు క్యాన్లు, వీపున తాడుకు గుచ్చిన రొట్టెలు. కాలికి మెత్తగా తగిలింది మట్టో మనిషో చూడడం ఎప్పుడో మానేశాడు. యుద్ధానికి ముందు లిమోజ్ పట్నంలో ఒక పూటకూళ్ల ఇంట్లో వడ్డించేవాడు. నలభై దాటినా తీరిగ్గా కూర్చుని తిన్న రోజులు తక్కువ. ఇక్కడా అదే పని. తినేవాళ్లే రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

తెల్లవారితే పెద్ద దాడి. శత్రువు చేతిలో ఉన్న ఎదుటి గుట్ట రెండు రోజుల్లో ఫ్రాన్సుదైపోతుందని సేనాపతులు వెచ్చటి గదుల్లో కూర్చుని తేల్చేశారు. కందకంలో వాళ్లకు నిన్నటినుంచీ తిండి లేదు. కందకం గట్టెక్కి దాడికి దిగేలోగా వాళ్ల కడుపులో నాలుగు గరిటెలు పడాలన్నదే ఆన్సెల్మ్ ఆరాటం.

"వచ్చావా బాబాయ్! మా సమాధుల మీద పోస్తావేమో అనుకున్నాం," అన్నాడు ఫిర్మెన్, కాలికి చుట్టుకున్న పట్టీలోంచి చెంచా లాగుతూ. ఊళ్లో ఇళ్లకు పెంకులు నేసేవాడు.

"వాగింది చాలు. వరసలో నిలబడు."

మూత తీయబోతుంటే వెనక కార్యాలయం నుంచి వచ్చిన కెప్టెన్ అడ్డుపడ్డాడు. మీసానికి గుడ్డు సొన అంటుకుని ఉంది.

"ఇప్పుడొద్దు. నిండు కడుపులో తూటా దిగితే చస్తారు. ఖాళీగా ఉంటే డాక్టర్లు కుట్టేస్తారు. ఆర్డరు."

"మరి తమరు తిన్నట్టున్నారు దొరా?"

"నేను గట్టెక్కట్లేదుగా," అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా.

తెల్లారుతూనే దాడి ఈల మోగింది. మంచూ వానా కలిసి మొహాన కొడుతుంటే ఖాళీ కడుపులతోనే అందరూ గట్టెక్కారు. ఎదుటి ముళ్లతీగల్ని ఫిరంగులు ఊడ్చేస్తాయన్నదీ ఆ గదుల్లో తేల్చిన మాటే. ఒక్క తీగా తెగలేదు. పొగ తగ్గేసరికి తిరిగొచ్చినవాళ్లు ఒక్క బల్ల చుట్టూ సరిపోతారు.

"ఇక పెట్టు. అందరి వాటా ఉంది, కడుపునిండా తినమను," అన్నాడు కెప్టెన్.

ఒకడు అక్కడే వాంతి చేసుకున్నాడు. ఆన్సెల్మ్‌కు రోత పుట్టింది. ఆ మీసం చూసి రోత. ఇన్నాళ్లూ చచ్చినవాళ్ల వాటా తిని పెరిగిన తన పొట్టను చూసుకుని అంతకంటే రోత.

ముళ్లతీగల దగ్గర్నుంచి ఫిర్మెన్ గొంతు వినిపించింది. "బాబాయ్... ఇప్పుడైనా పోస్తావా?"

ఆన్సెల్మ్ ఒక రేకు గిన్నె నిండా పోశాడు.

"ఎక్కడికయ్యా? ఆర్డరు లేదు!"

"పెట్టమన్నారుగా దొరా. వాడూ మన పంక్తిలోవాడే."

గట్టెక్కి నడిచాడు. వంగితే ఒలుకుతుందని వంగలేదు. ఫిర్మెన్ దాకా చేరాడు. గిన్నె కింద పెట్టి, అతని తల ఒళ్లోకి తీసుకోబోయాడు. ఎదుటి నుంచి ఒకే ఒక్క తూటా వచ్చింది. ఆన్సెల్మ్ అతని పక్కనే ఒరిగిపోయాడు. కాసేపటికి ఫిర్మెన్ మూలుగూ ఆగిపోయింది.

సాయంత్రం దాకా ఎవరూ అటు వెళ్లలేదు. ముళ్లతీగ కింద ఆ రేకు గిన్నె చుక్క ఒలక్కుండా అలాగే ఉంది, పైన కొవ్వు తెల్లగా గడ్డకట్టి.