బొత్తాం మూతికి కుట్టిన చిక్కం

చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించడం గగనమైపోయాక దర్జీ దుకాణం మూసేసి కూతురింటికి చేరాడు. కూతురూ అల్లుడూ ఇంటి వెనక షెడ్డులో ఆవులు పెట్టుకుని పాలవ్యాపారం చేస్తున్నారు. తెల్లారితే ఇద్దరికీ తల గోక్కునే తీరిక ఉండదు. దర్జీకి మాత్రం గోళ్ళు గిల్లుకోవడం తప్ప పని లేదు. వెంట తెచ్చుకున్న కుట్టుమిషను కిటికీ దగ్గర వేసుకుని, కూతురిచేత దారం ఎక్కించుకుని, చిరగని దుప్పట్లకు కూడా మాసికలు వేసేవాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆవు ఈనుతూనే చచ్చిపోయింది. దూడ మిగిలింది. నుదుటి మీద గుండ్రటి తెల్లమచ్చ చూసి దానికి బొత్తాం అని పేరు పెట్టింది దర్జీయే. పాలసీసా పట్టే పని తనకిమ్మని అడిగాడు. అల్లుడికి అంతకన్నా కావలసిందేముంది, సీసా తెచ్చి మామగారి చేతిలో పెట్టాడు.

దర్జీ సంగతి తెలియక ఇచ్చాడుగానీ, ఆయన కుట్టే బల్ల మీద నూలుపోగు పడి ఉంటే అన్నం సయించని మనిషి. షెడ్డు చివర గది ఖాళీ చేయించి, ఫినాయిలుతో కడిగి, దూడను ఒంటరిగా అందులో పెట్టాడు. దూడ ఊరుకుంటుందా? గోడలు నాకింది. పక్కనుంచి ఎగిరొచ్చిన గడ్డిపరకలు నమిలింది. పసికడుపులో ఆ మట్టీ మశానం పడితే ఇంకేమైనా ఉందా అని దర్జీ హడలిపోయాడు. మెత్తటి నూలుగుడ్డ తీసి, ఊపిరాడటానికి మధ్యలో వల అతికి, దాని మూతికి చిక్కం కుట్టాడు. అంచులకు పైపింగు, చెవుల వెనక కట్టడానికి నాడాలు. పాలు పట్టేటప్పుడు విప్పడం, సీసా ఖాళీ అవగానే మళ్ళీ బిగించడం. పాలకోసం వచ్చినవాళ్ళు చూసి, దూడగారు ఆపరేషనుకు వెళ్తున్నారా అని నవ్వేవారు. దర్జీ మీసాల చాటున మురిసిపోయేవాడు. దుకాణం మూశాక ఆయన పనితనాన్ని ఎవరైనా చూడటం అదే మొదలు.

బొత్తాం మాత్రం ఎదగలేదు. మూడో నెల దాటుతున్నా వెన్నుపూసలు తేలి, వెంట్రుక గరుకెక్కింది. దర్జీ పాలు పెంచాడు. దాని ఈడు దూడలు తిన్నది నెమరేస్తూ పడుకుంటే, ఇది లేవలేక పడుకునేది. చివరికి అల్లుడు పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

ఆవిడ దూడ పొట్ట మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత చిక్కం విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కుట్టిందెవరు?"

"నేనేనమ్మా," అన్నాడు దర్జీ, కాస్త నిటారుగా నిలబడి.

"కుట్టు బాగుంది బాబాయిగారూ. కానీ దూడ ఆకలితో మాడిపోతోంది."

కడుపునిండా పాలు పోస్తున్నానే అని దర్జీ విస్తుపోయాడు. ఆవిడ విసుక్కోకుండా వివరించింది. గడ్డిని అరిగించేది ఆవు కాదట, దాని పెద్దపొట్టలో కాపురముండే కంటికి కనపడని సూక్ష్మజీవులట. పుట్టినప్పుడు ఆ పొట్ట ముడుచుకున్న చిన్న సంచీ. పాలు దాన్ని తాకకుండా పక్కనుంచే జారిపోతాయి. తల్లి నాకితేనో, గడ్డి కొరికితేనో, తోటిదూడ మూతికి మూతి రాస్తేనో ఆ జీవులు లోపలికి చేరతాయి. గడ్డీ దాణా పడేకొద్దీ అవి పెరుగుతాయి, పొట్టా పెరుగుతుంది. ఈ ఈడొచ్చాక పాలొక్కటే ఒంటికి చాలవు. తల్లి పోవడంతో ఒక దారి ముందే మూసుకుపోయింది. మిగతా దారులన్నీ మన దర్జీ పైపింగు వేసి మరీ మూశాడు.

"చెడ్డది లోపలికి పోకూడదనుకున్నారు. మంచిదీ ఆ నోట్లోంచే పోవాలి కదండీ," అంది డాక్టరమ్మ.

దర్జీ చిక్కం అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

షెడ్డులో అన్నిటికన్నా నెమ్మదైనది ముసలావు. అది నెమరేస్తుంటే నోట్లోంచి కాస్త ముద్ద తీసి దూడ నాలుక మీద పెట్టమంది డాక్టరమ్మ. అల్లుడు ముందుకు రాబోతే దర్జీ ఆపాడు. నూలుపోగును సహించని ఆ చేతులే జిగటగా, పచ్చగా కారుతున్న ఎంగిలిముద్దను పట్టుకొచ్చి బొత్తాం నోట్లో పెట్టాయి. ఇక దూడను మందలో కలపాలి, ఎప్పుడూ ఎదుట గడ్డీ దాణా ఉండాలి, పాలు పొద్దున ఒక్కసారే. బతుకుతుందా అని దర్జీ అడిగాడు.

"మేత మొదలుపెడితే బతుకుతుంది. పాలకోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చెప్పలేను."

బొత్తాం ఎదురుచూస్తూనే కూర్చుంది. దర్జీ అలికిడి వినపడితే చాలు, గడ్డిమీంచి తల తిప్పేసుకుని అరిచేది. రెండోనాటి సాయంత్రం సీసా చంకలో దాచుకుని వెళ్తున్న తండ్రికి కూతురు అడ్డం నిలబడింది.

"నాన్నా, నిన్ను చూస్తే అది గడ్డి ముట్టదు. కొన్నాళ్ళు షెడ్డులోకి రాకు."

ఆయన ప్రాణం చివుక్కుమంది. ఈ ఇంట్లో తనకున్న ఒక్క పనీ పోయింది. సీసా కూతురి చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత బొత్తాం అరిచినప్పుడల్లా ఆయన మిషను తొక్కేవాడు. దారం ఎక్కించమని కూతురిని అడగబుద్ధి కాలేదు. గుడ్డా దారమూ లేని మిషను ఊరికే టకటకలాడేది. అరుపు పెరిగితే కాలూ జోరు పెంచేది.

ఒక మధ్యాహ్నం కాలు నొప్పెట్టి ఆపితే, షెడ్డులోంచి ఏ అరుపూ వినపడలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

బొత్తాం దూడల మధ్య పడుకుని ఉంది. కళ్ళు అరమోడ్చి, కింది దవడ పక్కకు తిప్పుతూ తీరిగ్గా నెమరేస్తోంది. ఆయన వైపు ఒకసారి చూసింది. లేవలేదు. దర్జీకి పట్టరాని సంతోషం కలిగింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

పాలక్యాను మోసుకొస్తున్న కూతురు తండ్రిని చూసి ఆగింది.

"ఇక ఫరవాలేదు నాన్నా. పిలువు, లేచి వస్తుంది."

పేరు ఆయన నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దులేమ్మా," అన్నాడు. "నెమరేసుకుంటోంది కదా."