తొమ్మిదో గీత

జీపు నేల మీంచి ఎంత ఎత్తు లేస్తే మగాడి మీసం అంత పైకి లేస్తుందని ఎవరు చెప్పారో గానీ, ఆమె భర్త మాత్రం గట్టిగా నమ్మాడు. పొడుగు స్ప్రింగులు వేయించి, లారీకి సరిపోయేంత టైర్లు బిగించి, ఉన్న ఒక్క జీపునీ నిచ్చెన వేసుకుని ఎక్కాల్సిన మేడ చేసి పెట్టాడు. సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి రాళ్ళగుట్టల్లో పడి తిరిగేవాడు. ఆ తిరుగుళ్ళకి పాత షాక్‌అబ్జార్బర్లు నూనె కక్కి చచ్చాయి. గతుకు దాటాక కూడా జీపు పూనకం వచ్చినట్టు ఊగుతూనే ఉండేది.

కొత్తవి కొనడానికి అతను బయలుదేరితే ఆమె కూడా చెప్పులు వేసుకుంది. కారణం పాప. ఎనిమిదేళ్ళ పిల్లకి వెన్నెముక వంకర తిరిగితే ఈమధ్యే ఆపరేషన్ చేసి లోపల కడ్డీలు బిగించారు. "కుదుపులు తగలనీయకండి" అని డాక్టరు ఒక్కసారే చెప్పాడు. ఆమె చెవిలో మాత్రం ఆ మాట రోజూ మోగుతూనే ఉంది. గిన్నె కిందపడి ఖంగుమన్నా, పిల్ల వీపులో ఏదో విరిగిందేమోనని పరిగెత్తే మనిషి. వ్యాయామం చేయించడానికి వారంవారం ఆసుపత్రికి వెళ్ళాలా, దారంతా తేలిపోయిన కంకరా, ఎక్కాల్సింది ఆ జీపే.

"ఎంత లేపించారు సార్?" అన్నాడు షాపాయన.

"నాలుగంగుళాలు."

"అయితే పొడుగువే కావాలి. మామూలువి వేస్తే చక్రం గుంటలోకి వేలాడినప్పుడు అందక ఊడొస్తాయి. పొడుగు సరే, మెత్తనా, గట్టినా? వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరు. గట్టివే ఇవ్వు."

"పాప కూర్చుంటుందండీ," అందామె వెనక నుంచి.

"అదీ ఒక బరువేనా? పిల్లితో తూచితే పిల్లి వైపే మొగ్గుతుంది ముల్లు."

షాపాయన నవ్వాడు. కొనేవాడి జోకుకి నవ్వకపోతే బేరం చెడుతుంది కదా.

"నడుంలో కడ్డీలున్నాయండీ దానికి. కాస్త మెత్తనివి చూపించండి," అని షాపాయన్ని బతిమాలింది.

"మెత్తనివి పరుపుల కొట్లో దొరుకుతాయి. పో, అక్కడికి పోయి అడుగు," అన్నాడు భర్త.

షాపాయన ఇద్దరినీ చూసి, లోపల్నుంచి ఇంకో రకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆలుమగల తగాదాకి మందు నా దగ్గరుందమ్మా. ఇదిగో, కింద ఈ చిన్న మర చూడండి. చుట్టూ గీతలున్నాయి. ఒకటి మీద పెడితే ఉయ్యాల. తొమ్మిది మీద పెడితే బండరాయి. పాప ఉంటే ఒకటి, సార్ ఆటకి పోతే తొమ్మిది."

మర తిప్పితే టిక్కు టిక్కుమంది. అంత తీయని చప్పుడు ఆమె ఈమధ్య వినలేదు.

ఆ రోజు నుంచీ ఆసుపత్రికి బయలుదేరే ముందు ఆమె గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరేది. జీపు అంత ఎత్తు లేచినందుకు ఆమెకి దక్కిన లాభం అదొక్కటే. వెనక సీట్లో పాప గట్టిగా టిక్కులు లెక్కపెట్టేది. ఎనిమిది టిక్కులైతే ఒక చక్రం అయినట్టు. అలా నాలుగు చక్రాలూ.

"కప్ప దూరిందిరోయ్!" అనేవాడు భర్త. "ఏమే గాజుబొమ్మా, మీ అమ్మ బయటికొచ్చాక పురుగులేమైనా పట్టిందేమో అడుగు."

పాపకి అతను పెట్టిన పేరు అది. ఎన్నిసార్లు అన్నా పిల్ల మొహం ఒకేలా ముడుచుకుపోయేది. అతనికి కావాల్సిందీ అదే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఒకరోజు ఆమె మరలన్నీ తిప్పి, చేతులు కడుక్కుని, ఇంటికి తాళం వేసి వచ్చి కూర్చుంది. కంకర మీద మొదటి గతుక్కే ఆమె పళ్ళు టకటకలాడాయి.

"టైర్లలో గాలెక్కువైందేమోనండీ, చూడండి!"

"నోర్మూసుకుని కూర్చో."

"నొప్పా తల్లీ?" అని వెనక్కి తిరిగింది.

"లేదమ్మా." పాప మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆసుపత్రి గేటు దగ్గర అతను దిగి, చప్పట్లు కొట్టి మరీ నవ్వాడు. "తొమ్మిది మీద తెచ్చాను! కయ్యిమందా? కుయ్యిమందా? అంతా నీ బుర్రలో పురుగే!"

ఆమె తలుపు తీసింది. పాప కింది పెదవి పంటి కింద చిట్లి, రక్తం గడ్డం మీదికి కారుతోంది.

"నువ్వు లోపలుంటే నాన్న తిప్పారమ్మా. నేను టిక్కులు విన్నాను," అంది పాప మెల్లగా. "ఏడవకుండా ఉంటే ఇంకెప్పుడూ గాజుబొమ్మ అనరంట."

"అననులే," అన్నాడు అతను. "గాజు కాదని తేలిందిగా. ఇవాళ్టి నుంచి పింగాణీ."

కడ్డీలు కదల్లేదని డాక్టరు చెప్పాడు. కానీ నెల రోజులు మంచం దిగకూడదన్నాడు. ఆ నెలంతా ఆమె ఎప్పట్లాగే వండింది, వడ్డించింది.

పాప లేచి తిరుగుతున్న రోజుల్లో, ఒక సెలవు ఉదయాన, అతను గుట్టల ఆటకి సిద్ధమవుతూ జీపు పైకెక్కి స్పేరు టైరు కడుతున్నాడు. కాలు జారింది. ఏ ఎత్తు చూసి మురిసిపోయాడో ఆ ఎత్తు మీంచే పడ్డాడు. ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో కత్తి దిగినట్టుందని అరిచాడు. అంబులెన్సు వాళ్ళు ఆలస్యమవుతుందన్నారు. ఆమెకి జీపు నడపడం వచ్చు. తిడుతూ నేర్పింది అతనే. పక్కింటివాళ్ళు అతన్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి వెళ్ళారు.

"తొమ్మిది మీదుందే," అని మూలిగాడు. "ఒకటికి తిప్పవే. నీకు దణ్ణం పెడతా."

ఆమె గోనెపట్టా పరుచుకుని కిందికి దూరింది. మర మీద చెయ్యి వేసింది. ఇనుము చల్లగా తగిలింది. ఆ చల్లదనంలో ఆమెకి పాప పెదవి కనపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎలా ఉంటుందో అతనికీ ఒక్క దారి మేరకి తెలియాలి. అంతే. ఒక్క దారి. కాసేపు అలాగే పడుకుని, చెయ్యి తీసేసి, బయటికొచ్చి చీర దులుపుకుంది.

"అయిందా?"

"అయింది."

గుమ్మంలో పాప నిలబడి ఉంది. "అమ్మా, టిక్కులు వినపడలేదే."

"నీకు వినపడలేదంతే. నువ్వు పక్కింటి పిన్ని దగ్గరుండు. మేం వచ్చేస్తాం."

పాప తల్లిని చూసింది. జీపులో మూలుగుతున్న తండ్రిని చూసింది. తర్వాత నెమ్మదిగా వచ్చి, పిడి పట్టుకుని, ఆ ఎత్తు మెట్టు ఎక్కి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నేనూ వస్తా."

"దిగు."

"దిగను."

"చెప్తుంటే నీకు కాదూ! కుదుపులమ్మా, దిగు!"

"తిప్పేశానన్నావుగా," అంది పాప. "ఇంక నాకేం భయం?"

ఆమె కర్రలా నిటారుగా ఉన్న ఆ చిన్న వీపు వంకే చూస్తూ నిలబడింది. మళ్ళీ గోనెపట్టా పరుచుకుని కిందికి దూరింది.

టిక్కు. టిక్కు.

"మళ్ళీ ఏం చేస్తోందే అది?" అని పళ్ళు కొరికాడు అతను. "నాలుగు మరలు తిప్పడం కూడా చేతకాదు దద్దమ్మకి!"

"ఇందాక సరిగ్గా పడలేదంట నాన్నా," అంది పాప.

ఒక చక్రం అయింది. రెండోది, మూడోది. పైన పాప గట్టిగా లెక్కపెడుతోంది. చివరి చక్రం దగ్గర, ఏడో టిక్కు తర్వాత, ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా," అంది పాప పైనుంచి. "ఇంకొకటి ఉంది."