వీపుతో ఏడ్చిన కొండయ్య

కొండయ్య స్టేజీ మీద చచ్చిపోవడంలో పేరున్న మనిషి. కొనకనమిట్ల దగ్గరి పల్లెలో కందీ సజ్జా పండించుకునే రైతే గానీ, ఏడాదికోసారి నాటకంలో తండ్రి వేషం వేస్తాడు. ఆ తండ్రికి ఏదో ఒక ఘోరం జరుగుతుంది. అప్పుడు కొండయ్య "ఓరి నా కొడకా!" అని ఒక్క కేక పెట్టాడంటే అవతలి వీధిలో కట్టేసిన బర్రెలు తలలెత్తేవి. తర్వాత గుండె పట్టుకుని వెల్లకిలా పడేవాడు. ఆ పడటం చూడటానికే పక్క ఊళ్ళ నుంచి జనం ఆటోల్లో వచ్చేవాళ్ళు.

అట్లాంటి మనిషిని ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికా సినిమా చెడగొట్టింది.

ఆయన కూతురు సుస్మిత మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. సినిమాను ఎట్ల చూడాలో నేర్పే పేపరు ఒకటి ఉంది ఆమెకు. ఏదైనా పాత అమెరికా సినిమా చూసి, అందులో దర్శకుడు ఏం చేశాడు, రచయిత ఏం చేశాడు, నటుడు ఏం చేశాడు అని రాసుకుపోవాలి. ఆమె ఫోను టీవీకి తగిలించి చూస్తుంటే, పొలం నుంచి వచ్చిన కొండయ్య అన్నం పళ్ళెంతో పక్కన కూర్చున్నాడు.

నలుపు తెలుపు బొమ్మ. కనుచూపు మేర గోధుమ చేలు. ఒక ముసలి రైతు కంచెకు మేకులు కొడుతున్నాడు.

"ఏమంటుండాడమ్మా ఆయన?"

"ఏమీ అంటల్లేదు నాయనా. చూడు."

ఒక మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆ రైతు దగ్గరికి వచ్చాడు. యుద్ధానికి పోయిన కొడుకు ఇక రాడని చెప్పాడు. ముసలాయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆయన తిరగలేదు. నోట్లో కరిచిపట్టిన మేకు తీసి, కంచెకు ఆనించి సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ గురి తప్పింది. రెండోది తగిలింది. అక్కడితో ఆ సీను అయిపోయింది.

కొండయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మళ్ళీ ఎయ్యి," అన్నాడు.

సుస్మిత మళ్ళీ వేసింది. మూడోసారి వేస్తూ విడమరిచి చెప్పింది. "రాసినాయన ఇక్కడ ఒక్క మాట కూడా రాయలా నాయనా. రాయకుండా ఊరుకోవడమే ఆయన గొప్ప. డైరెక్టరు కెమెరాను ముసలాయన ఎనక పెట్టినాడు. ముఖం మనమే ఊహించుకోవాల. ఇంక యాక్టరు చేసిందల్లా ఆ మొదటి దెబ్బ తప్పిచ్చడమే."

కొండయ్య ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు. "వీపుతో ఏడ్చినాడమ్మా వాడు!" అన్నాడు. "నేను ఇన్నేళ్ళూ నోటితో ఏడ్చి సచ్చినా గదా!"

ఆ రోజు నుంచి ఆయన సాధన మొదలైంది.

పొద్దున భార్య వెంకటసుబ్బులమ్మ వచ్చి, "ఏమయ్యా, వంకాయ చేసేదా, గోంగూర చేసేదా?" అని అడిగింది. కొండయ్య కిటికీ దగ్గరికి నడిచాడు. ఆమెకు వీపు పెట్టి బయటికి చూశాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన భుజాలు కొంచెం దించాడు. గోంగూర కావాలని దాని అర్థం. ఆమెకు ఆ సంగతి ఎట్ల తెలుస్తుంది? వంకాయ చేసింది.

అడిగినదానికి జవాబు లేదు. తిట్టినా జవాబు లేదు. వీధిలో ఎవరన్నా పలకరిస్తే ఒక్క కనుబొమ్మ పైకి లేపి వెళ్ళిపోతున్నాడు. సుబ్బులమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచింది. గుణం కనిపించలేదు. అప్పుడు ఊళ్ళో సూదులేసే డాక్టరును పిలిపించింది.

డాక్టరు కొండయ్య చేతులు ఎత్తించాడు, దించాడు. "నాలిక చూపీ మామా," అన్నాడు. చూపించాడు. "ఏదీ, ఒకసారి నవ్వు."

కొండయ్యకు అదే మంచి అవకాశం అనిపించింది. ఆ సినిమాలో ముసలాయన ఒకే ఒక్కచోట నవ్వుతాడు, అదీ పెదవి కుడి కొసతో మాత్రమే. కొండయ్య సరిగ్గా అట్లనే నవ్వాడు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. "అక్కా, మూతి ఒక పక్కకు పోయింది! కారు మాట్లాడండి, ఒంగోలు పోవాల!"

సుబ్బులమ్మ గొల్లుమంది. ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో అప్పటికే ఆయన కాళ్ళు పట్టి ఎత్తుతున్నారు కూడా.

"నాకేం కాలా!" అని కొండయ్య తన పాత గొంతుతో అరిచాడు. బర్రెలు తలలెత్తాయి. "అది యాక్షనే! అమెరికా యాక్షను!"

సుస్మిత కాలేజీ నుంచి వచ్చి సంగతంతా చెప్పాక గానీ తల్లి శాంతించలేదు. శాంతించాక చెంబెడు నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించింది. దానికి మాత్రం కొండయ్య ఏ యాక్షనూ లేకుండానే అరిచాడు.

ఈ ఏడు నాటకం హైస్కూలు యాభై ఏళ్ళ పండగ కోసం, పట్టపగలు, షామియానా కింద. రాసిందీ నడిపించేదీ ఓబులేసు. కొనకనమిట్లలో ఎరువుల దుకాణం అతనిది. నాటకం పేరు 'ఆరిన పెట్రోమాక్స్ లైటు'. కొడుకు పోయాడని తెలిసినప్పుడు తండ్రి మాట్లాడే మాటలు పేజీన్నర. ఓబులేసు వానాకాలమంతా కూర్చుని రాసుకున్నవి.

రిహార్సల్లో కొండయ్య ఆ కాగితం ఓబులేసు చేతికిచ్చేసి, "ఇది కొట్టెయ్ బావా," అన్నాడు.

"యాది?"

"పేజీన్నరా. నేను జనానికి వీపు పెట్టి గుంజకు ఒక మేకు కొడతా. మొదటి దెబ్బ తప్పుతాది. సాలు."

ఓబులేసు ముఖం, కోతకొచ్చిన చేను మేకల పాలైనవాడి ముఖంలా అయింది. "కొడుకు సచ్చిపోతే మేకు కొడతావా? జనం చందాలిచ్చింది వడ్రంగం చూడనీకెనా? ముందు వరసలో రిటైర్డ్ హెడ్మాస్టరుగారు కూసోనుంటే, ఆయనకు వీపు పెడతావా?"

"బావా, రాయకుండా ఊరుకోవడమే రాసేవాడి గొప్ప."

"అట్లయితే మా దుకాణంలో గుమాస్తా నాకన్నా గొప్పోడు. వాడు ఏనాడూ ఏదీ రాయలా!"

చివరికి ఓబులేసు "సరే, నీ ఇష్టం" అన్నాడు గానీ మనసులో అనుమానం వేరే ఉంది. కొండయ్య వెళ్ళిపోగానే ప్రాంప్టరు యేసుదాసును పక్కకు పిలిచాడు. యేసుదాసు జిరాక్సు షాపు నడుపుతాడు. పరదా చాటున కూర్చుని, మాట మర్చిపోయిన వేషగాడికి అందించడం అతని పని. ఇన్నేళ్ళలో జనం స్టేజీ మీద అతని ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

"కొండయ్య బావకు డైలాగు నోటికి రావట్లే. సిగ్గుతో అమెరికా కతలు చెప్తుండాడు," అన్నాడు ఓబులేసు. "ఆ సీన్లో నువ్వు గట్టిగా అందియ్యి. ఆయన అందుకునేదాకా ఆపొద్దు."

నాటకం రోజు షామియానా కింద కాలు పెట్టే సందు లేదు. సుబ్బులమ్మ, సుస్మిత ఆడవాళ్ళ వరసలో ముందే కూర్చున్నారు. ఘోరమైన కబురు రానే వచ్చింది. జనం సర్దుకుని కూర్చున్నారు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు, పడటం కనపడాలని.

కొండయ్య కబురు విన్నాడు. మెల్లగా తిరిగి, స్టేజీ వెనకవైపు గుంజ దగ్గరికి నడిచాడు. జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఇటు తిరుగు మామా!" అని ఎవరో అరిచారు.

కొండయ్య కళ్ళు మూసుకున్నాడు. జేబులోంచి మేకు తీశాడు, నడుముకు దోపుకున్న సుత్తి తీశాడు.

"ఓ విధీ..." అని పక్క పరదా చాటు నుంచి యేసుదాసు అందించాడు. కొండయ్య మేకును గుంజకు ఆనించాడు. "ఓ విధీ!" అన్నాడు యేసుదాసు ఇంకొంచెం గట్టిగా. "నా పెట్రోమాక్స్ లైటు ఆర్పేసినావా!"

కొండయ్య సుత్తి ఎత్తి, ఒక క్షణం ఆపి, కొట్టాడు. అనుకున్నట్టే మొదటి దెబ్బ గురి తప్పింది. తప్పి, అదే గుంజకు పక్క పరదా తాడు కట్టిన ముడి మీద పడింది. ముడి ఊడింది. పరదా మొత్తం జారి కింద కుప్పపడింది.

వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో యేసుదాసు. ఒంటి మీద బనీను, నెత్తి మీద తడిగుడ్డ. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి కాగితం ముక్కుకు ఆనించుకుని చదువుతున్నాడు కాబట్టి, పరదా పడిందన్న సంగతి అతనికి తెలియలేదు. ఓబులేసు ఆపొద్దన్నాడు. అతను ఆపలేదు.

"ఆ మేంటిలు నేనే కట్టినానే! ఆ పంపు నేనే కొట్టినానే! గాలి కొట్టి కొట్టి పెంచినానే నా బిడ్డను!" ఇన్నేళ్ళు చాటున గుసగుసలాడిన గొంతులో ఇంత దుఃఖం ఉందని ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళు కొంగులు తీశారు. "గుండె పట్టుకుని ఇక్కడ వెల్లకిలా పడవలెను!" అని బ్రాకెట్లో ఉన్నది కూడా అదే దుఃఖంతో చదివి, ఒళ్ళు తెలియక గుండె పట్టుకున్నాడు. వెనక్కి వాలాడు. కుర్చీ కాలు స్టేజీ అంచు దాటింది. యేసుదాసు కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

షామియానా దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. ఎవరో తువ్వాలు పైకి విసిరారు.

కొండయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. చప్పట్లు వింటున్నాడు. తన వీపుకు ఇంత పని తెలుసా అని ఆయన మురిసిపోయాడు. రెండో దెబ్బ వేయలేక, చెంపల మీద నిజమైన కన్నీళ్ళు కారుతుండగా మెల్లగా జనం వైపు తిరిగాడు. ఒక్కరూ తన వంక చూడటం లేదు. నలుగురు కలిసి యేసుదాసును కుర్చీలోంచి బయటికి లాగుతున్నారు.

హెడ్మాస్టరుగారు స్టేజీ ఎక్కి యేసుదాసుకు శాలువా కప్పారు. కొండయ్య భుజం తట్టి, "మీరు కూడా అడ్డం రాకుండా బాగా సహకరించారు," అన్నారు.

ఇంటికి వచ్చాక కొండయ్య మాట్లాడలేదు. ఇది సాధన కాదని సుబ్బులమ్మకు తెలిసింది. పక్కన కూర్చుంది.

"అందరూ యేసుదాసును చూసినారు. నేను నిన్నే చూస్తుంటి," అంది. "సుత్తి ఎత్తి ఆపినావు చూడు, అక్కడ నాకు మా అన్న కనపడినాడు. మా నాయన పోయిన దినం దొడ్లో అట్లనే నిలబడినాడు. చేతిలో కొడవలి, కోసేదేమీ లేదు."

కొండయ్య ఆమె వంక చూశాడు. "నిజమా?"

"నిజం."

"అయితే యాక్షను బాగుందంటావు?"

"యాక్షనో ఏందో నాకేం తెలుసు. చొక్కా మాత్రం చంక కింద చినిగింది. అదీ చూసినా."

ఆయన చాలా రోజులకు నవ్వాడు. పెదవి రెండు కొసలతోనూ.

కొద్దిరోజులకు పామూరు నుంచి ఇద్దరు మనుషులు బండి మీద వచ్చారు. వాళ్ళ ఊళ్ళోనూ ఆ నాటకం వేయాలట.

"ఆ కొత్త రకం భలే ఉందంటన్నా," అన్నాడు పెద్దాయన. "ఒకరు ఊరికే నిలబడతారు, ఇంకొకరు ఏడుస్తారు. పరదా కూడా అట్లనే పడాల."

కొండయ్య ముఖం ఎర్రబడింది. యేసుదాసు శాలువా కప్పుకునే వచ్చి, "అన్నా, నువ్వు నిలబడకుంటే నాకు ఏడుపు రాదు," అన్నాడు. ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. ఓబులేసు మాత్రం అప్పటికే కాగితం మీద 'ఇక్కడ పరదా పడవలెను' అని రాసేశాడు.

రాయడం తేలిక. రిహార్సల్లో కొండయ్య ఎన్ని దెబ్బలు వేసినా పరదా పడితేనా! ముడి మీద గురిపెట్టి కొడితే ప్రతిసారీ గుంజకే తగులుతోంది. చివరికి పక్కన నిలబడి తాడు లాగేందుకు ఒక మనిషి కావాల్సి వచ్చింది.

"నేను లాగుతా," అంది సుబ్బులమ్మ. "కరపత్రంలో నా పేరు ఎయ్యాల. ఫోటోతో."

మళ్ళీ మొదలుపెట్టారు. కొండయ్య కబురు విన్నాడు, గుంజ దగ్గరికి నడిచాడు, వీపు తిప్పాడు. సుత్తి ఎత్తి ఆపాడు. కొట్టాడు. పరదా కదల్లేదు. సుబ్బులమ్మ తాడు రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి మొగుడి వీపు వంకే చూస్తూ ఉండిపోయింది.

పరదా చాటు నుంచి యేసుదాసు మెల్లగా అందించాడు. "అక్కా... తాడు. తాడు లాగవలెను."