అమ్మ ఉన్న భాగం

"నీ దాంట్లో ఏముందని? ఏడాదిగా తెరిచిన పాపాన పోలేదుగా. నాకు చోటు చాలక తీసేశా," అన్నాడు భర్త, సెలవు రోజు పొద్దున్నే, పళ్ళు తోముకుంటూ.

బీరువాలో ఒక అర ఖాళీ చేసినంత తేలిగ్గా అన్నాడు. పెళ్ళైన కొత్తలో కంప్యూటర్ డిస్కును రెండు భాగాలు చేసి, ఒకటి నీది, ఒకటి నాది అని పంచినవాడూ ఆయనే. ఇప్పుడు ఆమెది చెరిపి తనదాంట్లో కలుపుకున్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ లేవనే లేదు. నల్లటి తెర మీద తెల్లగీత ఒకటి మినుకుమంటోంది. "కొంచెం చూడు, సాయంత్రానికి నాకు కావాలి," అని ఆ బరువు ఆమె నెత్తిన వేశాడు. కొరివితో తల గోక్కున్నది ఆయన, మంట మాత్రం ఆమెకు. ఈ ఇంట్లో అదే వరస.

ఆ భాగంలో అమ్మ గొంతు ఉంది. పోయే ముందు వేసవిలో, "నా కథ చెప్తానే, రాసిపెట్టు," అంటూ గిన్నెలు తోముతూ చెప్పినదంతా ఆమె ఫోన్‌లో పట్టి అక్కడ దాచింది. అమ్మ పోయాక ఒక్కసారీ వినలేదు. వింటే అమ్మ నిజంగా పోయినట్టవుతుందని భయం. ఆ భయాన్ని చూసి ఆయన ఖాళీ అనుకున్నాడు.

ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా పిలుపు ఆమెకే, మెప్పు ఇంకెవరికో. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌తో ఇంటి కంప్యూటర్‌ను లేపి, చెరిగిన భాగాలను వెతికే ప్రోగ్రామ్ నడిపింది. హద్దురాయి పీకినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదని తెలుసు. అయినా తెర మీంచి చూపు తిప్పలేదు. వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. చాలాసేపటికి పాత హద్దులు కనిపించాయి. కొత్త పంపకం ఉంచాలా, పాతది తేవాలా అని ప్రోగ్రామ్ అడిగింది.

"పాతదే," అని పైకే అని నొక్కింది. కంప్యూటర్‌ను లేపే బూట్ భాగాన్ని కూడా సరిచేసింది.

కంప్యూటర్ లేచింది. మొదటి రికార్డింగ్ పెట్టింది. నీళ్ళ చప్పుడు. "ఆ రోజు నేను పుట్టింటికి ఎందుకు వెళ్ళిపోయానంటే..." అంటోంది అమ్మ. ఇంతలో నాన్న కేక. "ఆఁ, వస్తున్నా," అంది అమ్మ. అంతే, ఆగిపోయింది. రెండోది పెట్టింది, మూడోది పెట్టింది. ఒక్క కథా చివరిదాకా లేదు. అన్నీ ఆ "వస్తున్నా" దగ్గరే తెగిపోయాయి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అయిందా? టీ పెట్టు," హాల్లోంచి భర్త.

"ఆఁ, వస్తు..."

తన నోట్లోంచి వచ్చిన ఆ గొంతు అచ్చం అమ్మదే. లేవబోయినది మళ్ళీ కూర్చుంది.

"మీరే పెట్టుకోండి," అంది. "మా అమ్మ మాట్లాడుతోంది."